మా ఇంటి కుయ్ కర్ర

మా ఊళ్ళో ప్రతి మొగాడికీ ఏదో ఒక పిచ్చి ఉంటుంది. ఒకాయనకి పేకాట, ఇంకొకాయనకి ఎడ్ల పందేలు, కాస్త చదువుకున్నవాళ్ళకి టీవీలో రాజకీయ చర్చలు. ఈ పిచ్చులకి మందు లేకపోయినా వేళలున్నాయి. పేకాట ఆడేవాడు చీకటి పడితే ఇల్లు చేరతాడు. పందేలవాడికి తిరునాళ్ళు అయిపోతే పని ఉండదు. మా ఆయనకి పట్టింది చరిత్ర. దానికి వేళాపాళా లేదు. కళ్ళంలో మిరపకాయలు తడిసిపోతున్నాయి, పట్టా కప్పండి మహాప్రభో అని నేను అరుస్తుంటే, "ఇక్కడికి ఒకప్పుడు రోమ్ నుంచి వర్తకులొచ్చేవాళ్ళు తెలుసా?" అంటాడు. ఆ వచ్చినవాళ్ళెవరో ఇప్పుడొచ్చి ఈ పట్టా కాస్త కప్పిపోతే బాగుండును అనుకునేదాన్ని.

అద్దంకి నుంచి దర్శి వెళ్ళే దారిలో కాస్త లోపలికి మళ్ళితే మా ఊరు. ఊరు దాటగానే పాటిదిబ్బ. ఎన్ని వందల ఏళ్ళ కిందటో అక్కడ ఒక ఊరుండేదట. అది కూలి, మట్టిలో కలిసి, దిబ్బగా మిగిలింది. పాత గోడల మట్టి, పొయ్యిల బూడిద, గొడ్ల పెంట అన్నీ మాగి ఉన్నాయి గనక ఆ మన్ను చేలకి మంచి బలం. దాన్నే పాటిమన్ను అంటారు. వానలు పడ్డప్పుడల్లా ఆ దిబ్బ మీద ఎర్రవీ నల్లవీ పూసలు తేలుతాయి. మా ఊరి పిల్లలు ఏరుకుంటారు, మొలతాళ్ళకి గుచ్చుకుంటారు, మిగిలినవి దూడల మెళ్ళో కడతారు. మా ఆయన చిన్నప్పుడు ఏరినవి టీపొడి డబ్బాలో పోసుకుని, ఇప్పటికీ దాచుకున్నాడు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ డబ్బా మూత తీసి చూపించాల్సిందే. పత్తి బేరానికొచ్చిన బ్రోకరు కూడా ముందు పూసలు చూసి, ఆహా అని, ఆ తర్వాతే ధర మాట్లాడాలి. ఆహా అన్నవాడికి ఈయన కాస్త తగ్గించే ఇచ్చేవాడని నా అనుమానం.

దిబ్బని ఆనుకునే మా చేను. నల్లరేగడి నేల. మాకున్న ఆధారం అదొక్కటే. అది పండితే తిన్నాం, తెగులొస్తే ఏడ్చాం. చరిత్ర ఆయనది, చేను నాదీ మా అత్తగారిదీ అన్నట్టు పంచుకుని, ఇన్నేళ్ళూ కాపురం బాగానే నెట్టుకొచ్చాం.

ఆ పంపకం చెడగొట్టింది మా బావగారు. మా ఆయన పెదనాన్న కొడుకు. మట్టి కాంట్రాక్టరు. పక్కన కొత్తగా పడుతున్న రోడ్డుకి మట్టి కావాలంటే, ఆయన కళ్ళు పాటిదిబ్బ మీద పడ్డాయి. పంచాయతీ వాళ్ళు ఉత్త దిబ్బే కదా అని సరేనన్నారు. ఒక ఎండాకాలం పొద్దున పొక్లెయిన్ వచ్చి దిబ్బ పడమటి వైపు కొరకడం మొదలుపెట్టింది. మా ఆయన ఆ రోజు అన్నం తినలేదు. మా పెళ్ళయ్యాక ఆయన అన్నం మానెయ్యడం నేను చూడటం అదే మొదలు. వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా ఏడుస్తూనే తిన్నాడు.

"అన్నయ్యా, అది మన ఊరికి ముత్తాత లాంటిది, వదిలెయ్" అని బతిమాలాడు.

"ఒరేయ్ తమ్ముడూ, ముత్తాత పేరు చెప్పి ఎవరన్నా రోడ్డు వద్దంటారేంట్రా? రోడ్డొస్తే మీ మిరపకాయలు యార్డుకి గబుక్కున పోతాయి. నీ మంచికే చెప్తన్నా" అన్నాడు బావగారు. ఆయన మంచి ఎప్పుడూ అవతలివాడి కోసమే. లాభం మాత్రం పొరపాటున ఆయనకి వస్తుంటుంది.

ఆ వారంలోనే మా అత్తగారి కంటి పరీక్షకని గుంటూరు వెళ్ళాం. బ్రాడీపేటలో డాక్టరు దగ్గర మమ్మల్నిద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టి, "ఇప్పుడే వస్తా" అని ఆటో ఎక్కిన మనిషి, ఆవిడ కళ్ళలో మందు వేసి, పరీక్ష చేసి, కళ్ళజోడు రాసి పంపించేసినా రాలేదు. తీరా వచ్చాక తెలిసింది, పాత వస్తువుల ఆఫీసుకి వెళ్ళాడట. అక్కడి అధికారి మంచి మనిషేనట. కూర్చోబెట్టి టీ కూడా ఇచ్చాడట.

"ఏమన్నారు?" అన్నాను.

"దిబ్బలు బోలెడున్నాయండీ, ఏదైనా ఆధారం చూపిస్తే వచ్చి పని ఆపిస్తాం అన్నాడు."

"అయితే తవ్వి చూపించండి."

"తవ్వకూడదట. చట్టం ఒప్పుకోదట. ఆధారం మాత్రం మనమే తేవాలట."

గుడ్డు పెట్టకుండా పొదగమన్నట్టుంది కదా అన్నాను. మా ఆయన నవ్వలేదు. బస్సు చిలకలూరిపేట దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుని, "పైపైన ఉన్నవి తవ్వకుండానే దొరుకుతాయి" అన్నాడు తనలో తను. నాకప్పుడే భయం వేసింది.

కొన్నాళ్ళకి అద్దంకి కొరియర్ ఆఫీసు నుంచి పొడుగాటి అట్టపెట్టె వచ్చింది. నేల కింద ఇనుమో రాగో వెండో ఏదున్నా పసిగట్టి కుయ్‌మని కూసే మిషన్. కర్రకి ఒక చివర పళ్ళెం, ఇంకో చివర చిన్న టీవీ ముక్క. చెవులకి పెట్టుకోవడానికి డిప్పలు. దాని అసలు పేరు ఆయన రోజుకి పదిసార్లు చెప్పేవాడు గానీ మా ఇంట్లో దాని పేరు కుయ్ కర్ర అనే స్థిరపడిపోయింది.

మొదటి ప్రయోగం ఇంట్లోనే. నా పుస్తెల దగ్గర పెడితే కుయ్‌మంది. బిందెల దగ్గర కుయ్‌మంది. గోడ దగ్గర పెడితే లోపలి ఇనప చువ్వలకి కుయ్యో కుయ్యో అంది. మంచం మీద పడుకున్న మా అత్తగారి నడుం మీదుగా పోనిస్తే గుక్క తిప్పుకోకుండా కూసింది. తుంటి ఎముక విరిగినప్పుడు లోపల వేసిన రాడ్డు అది. "నన్నెందుకురా తవ్వుతావు, ఇంకా పోలేదుగా!" అని ఆవిడ లేచి కూర్చుంది. కుయ్ కర్ర మా ఇంట్లో కనిపెట్టిన మొట్టమొదటి పురాతన వస్తువు ఆవిడే.

ఊరంతా గుప్పుమంది. లంకెబిందెల మిషన్ వచ్చిందన్నారు. పొద్దున పాలు పితకకముందే అరుగు మీద జనం. ఆ కొద్దిరోజుల్లో మనుషుల గురించి నాకు ఒక సత్యం బోధపడింది. వచ్చినవాళ్ళలో ఒక్కడు కూడా తన చేను చూడమనలేదు. "మా పక్కోడి చేలో ఈశాన్యం మూల చూడు బాబాయ్, మా తాత చెప్పేవాడు" అని ఒకడు. "మా తోడల్లుడి దొడ్లో చూడండి, వాడికి అంత కలిసిరావడానికి కారణం ఏదో ఉండాలి" అని ఇంకొకడు. స్థలం అమ్మకానికి పెట్టిన ఒకాయన మాత్రం సొంత స్థలం చూడమని వచ్చాడు. "కింద ఏం లేదని నువ్వు నలుగురి ముందూ చెప్తే చాలు, చరిత్ర ఉన్న స్థలం ఎవడూ కొనడు" అన్నాడు. ఆ మాట నిజమే. పాత శాసనమో విగ్రహమో దొరికిందని తెలిస్తే సర్కారు వాళ్ళు వచ్చి కంచె వేసి బోర్డు పాతుతారు. ఆ తర్వాత ఆ నేలలో రైతు గడ్డపార కూడా దింపలేడు. అందుకే మా వైపు చరిత్ర అంటే అందరికీ గౌరవమే. పక్కోడి పొలంలో ఉన్నంత వరకు.

మా ఆయన అందరికీ దండం పెట్టి పంపించి, రోజూ దిబ్బ ఎక్కేవాడు. ఒకవైపు పొక్లెయిన్ తవ్వుతుంటే, రెండో వైపు ఈయన చెవులకి డిప్పలు పెట్టుకుని పళ్ళెం ఊపుకుంటూ తిరిగేవాడు. కుయ్‌మన్న చోటల్లా చేత్తో మట్టి గీకేవాడు. ఏం దొరికాయంటారా? క్వార్టర్ సీసాల మూతలు. దిబ్బ చాటున మా ఊరి పెద్దమనుషులు ఎంత కాలం నుంచి తాగుతున్నారో, ఏ ప్రభుత్వంలో ఏ సరుకు తాగారో, ఆ మూతలు వరస పెడితే తేలిపోతుంది. మూతల తర్వాత పురుగుమందు డబ్బాల రేకులు, ట్రాక్టరు నట్లు, తుప్పు పట్టిన మేకులు.

ఒక రోజు మాత్రం పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో వంపు తిరిగిన ఇనప ముక్క. "గుర్రపు నాడా! ఇక్కడ అశ్వదళం ఉండేదే!" అన్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి.

మా అత్తగారు కొత్త కళ్ళజోడు పెట్టుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "గుర్రమూ లేదు, నీ బొందా లేదు. ఎద్దు లాడం ఇది. మన మైల ఎద్దుకి కాలి లాడం ఊడిపోయి ఎంత వెతికాడని మీ నాన్న! పాటిమన్ను తోలేటప్పుడు పడిపోయుంటది."

అశ్వదళం మైల ఎద్దయిపోయింది. నేను కొంగు నోటికడ్డం పెట్టుకున్నాను. కానీ మా ఆయన ఆ మాట వదల్లేదు. "నాన్న ఎక్కణ్ణుంచి తోలేవాడే అమ్మా మన్ను? దిబ్బ మీద ఏ వైపు నుంచి?"

"ఏ వైపేంట్రా, నడినెత్తి నుంచే. అసలు దిబ్బ ఎంత ఎత్తుండేదనీ! మా మామ తోలాడు, మీ నాన్న తోలాడు, ప్రతి ఎండాకాలం బళ్ళు కట్టి తోలటమే. దిబ్బలో సగం మన చేలోనే ఉంది. లేకపోతే ఆ చేలో కాయ ఊరికే కాసిందనుకున్నావా?"

మా ఆయన లాడం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేనూ నవ్వడం ఆపేశాను. తవ్వకుండా దొరికేవి ఉండాల్సింది దిబ్బ పైభాగంలో. ఆ పైభాగాన్ని మా వాళ్ళు తరతరాలుగా బళ్ళకెత్తి, ఎరువు కింద మా మిరప తోటలో చల్లేశారు. ఈయన ఇన్నాళ్ళూ ఖాళీ గిన్నె గోకుతున్నాడన్న మాట. రోమ్ వర్తకులు, రాజులు, వాళ్ళ వంటిళ్ళు, అన్నీ మా కారంలో కలిసి ఏనాడో గుంటూరు యార్డుకి పోయాయి.

మిరప మోళ్ళు పీకి, దుక్కి దున్నించి ఉన్న రోజులు. మర్నాడు చేలోకి ముగ్గురం వెళ్ళాం. మా అత్తగారు వేపచెట్టు కింద కూర్చుంది. ఈయన సాళ్ళ మీదుగా పళ్ళెం ఊపుతూ బయల్దేరాడు. గట్టు మీద నుంచి కొంచెం లోపలికి వెళ్ళగానే కుయ్‌మంది. ఆయన వంగి, మట్టిబెడ్డ చిదిపాడు. నల్లగా, గోరంత మందాన, గుండ్రటి బిళ్ళ. సీసం. దాని మీద ఏదో జంతువు. ఆయన ఏనుగన్నాడు. నాకు గేదెలా కనపడింది. మా అత్తగారు పందికొక్కు అని తీర్పు చెప్పింది. జంతువేదైనా, అది సీసా మూత కాదు. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని, మట్టిలోనే గొంతుక్కూర్చుని ఏడ్చాడు. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. అబద్ధమెందుకు, నా జన్మలో ఆయన్ని అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు.

సంతోషం ఇల్లు చేరేదాకా కూడా నిలవలేదు. ఆధారం దొరికింది. ఆధారం చూపిస్తే దిబ్బ బతుకుతుంది. కానీ అది దొరికింది మా చేలో. ఎక్కడ దొరికితే అక్కడ కంచె అని ఆ అధికారి ముందే చెప్పాడట. ఆ సంగతి ఈయన నాకప్పుడు చెప్పాడు, అన్నం ముందు కూర్చుని.

"దిబ్బ మీద దొరికిందని చెప్పండి" అన్నాను.

"అబద్ధం చెప్పమంటావా?"

"అబద్ధమెలా అవుతుంది? అక్కడిదేగా! మీ నాన్నే బండెక్కించుకొచ్చాడు."

"అది కాదే. వస్తువు ఎక్కడ దొరికిందన్నదే చరిత్ర. చోటు మారిస్తే ఇంక అది ఉత్త సీసం ముక్క."

"సరే, చోటు మార్చకండి. మనం ఏ చోటికి పోవాలో అది కూడా చరిత్రనే అడగండి" అన్నాను. నాకు కోపం వచ్చింది. మా అత్తగారు గోడకి తిరిగి పడుకుంది. పాపం, ఆవిడ తిరిగి పడుకోవడం అంటే ఆ రాడ్డుతో ఎంత నొప్పో నాకు తెలుసు.

బిళ్ళ దొరికిన పూటే ఈయన ఫోన్ చేసేశాడు గనక, ఆ అధికారి వస్తానన్న రోజు వచ్చాడు. రోళ్ళు పగిలే ఎండ. నేను మజ్జిగ తీసుకెళ్ళాను. పొక్లెయిన్ ఆపి బావగారు, ఆయన వెనక సగం ఊరు దిబ్బ దగ్గర చేరారు. అధికారి బిళ్ళని భూతద్దం పెట్టి చూశాడు. పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రిలా మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"శాతవాహనుల కాలం నాటిదండీ. బాగుంది. ఎక్కడ దొరికింది?"

మా ఆయన చేను వైపు చూశాడు. గట్టు మీద వాళ్ళమ్మ కూర్చుని ఉంది. చెంపన చెయ్యి పెట్టుకుని ఇటే చూస్తోంది.

"దిబ్బ మీదేనండి" అన్నాడు.

"ఏ చోట?"

చెయ్యెత్తి ఒక వైపు చూపించాడు. బావగారు పకపకా నవ్వాడు. "ఒరేయ్ తమ్ముడూ, అది దిబ్బ కాదురా! లారీలు ఎక్కటానికని మేం మొన్న చెరువు మట్టి తెచ్చి పోసిన ర్యాంపు! అక్కడ దొరికితే అది చెరువులో కప్పదై ఉంటది."

ఊరు ఊరంతా నవ్వింది. మా ఆయన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. వాళ్ళందరి మీదా మజ్జిగ చెంబు విసిరేద్దామన్నంత ఒళ్ళుమంట వేసింది నాకు.

అధికారి నవ్వలేదు. మా ఆయన్ని కాస్త పక్కకి తీసుకెళ్ళి, నెమ్మదిగా అన్నాడు. నేను దగ్గరే ఉన్నాను గనక వినపడింది. "అబద్ధం చెప్పడం మీకు చేతకాదండీ. అసలు ఎక్కడ దొరికిందో చెప్పండి. చెబితే ఈ పూటే ఇక్కడ పని ఆపిస్తాను. నిజంగా ఆపిస్తాను."

మా ఆయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. చెప్పమనీ అనలేకపోయాను, వద్దనీ అనలేకపోయాను. ఏ రాజు తర్వాత ఏ రాజొచ్చాడో నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పే మనిషి, "గుర్తు లేదండి" అన్నాడు.

బిళ్ళని అధికారి తీసుకెళ్ళిపోయాడు. చట్టం అదట. జీపు దుమ్ము అణగకముందే పొక్లెయిన్ మళ్ళీ మొదలైంది.

మర్నాడు పొద్దున్నే మా ఆయన బావగారింటికి వెళ్ళాడు. గొడవకేమోనని నేనూ వెనకే పరుగెత్తాను. "అన్నయ్యా, మిగిలిన మన్ను రోడ్డుకి వద్దు. మా చేలో పోయించు. ట్రాక్టర్ల ఖర్చు నేను పెట్టుకుంటా" అంటున్నాడు.

బావగారు పళ్ళు తోముకోవడం ఆపి చూశాడు. "ఇన్నాళ్ళూ ముట్టుకుంటే పాపమన్నావు. ఇప్పుడు నీకూ ఒక ముక్క కావాలా? ముత్తాత అన్నావుగా?"

"అందుకే ఇంటికి తీసుకెళ్తున్నా" అన్నాడు మా ఆయన.

దిబ్బలో మిగిలినదంతా ట్రాక్టర్ల మీద మా చేలోకి వచ్చింది. ఈయనే దగ్గరుండి చదును చేయించాడు. మా అత్తగారి ఆనందం చెప్పనలవి కాదు. "ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది నా కొడుక్కి. అచ్చం వాళ్ళ నాన్నే" అని ఊరంతా చెప్పుకుంది. వ్యవసాయం మీద పడ్డాడని ఆవిడ మురిపెం. దిబ్బ ఉన్న చోట ఇప్పుడు గుంట ఉంది. వానాకాలమొస్తే దాన్లో గేదెలు దొర్లుతాయి.

కుయ్ కర్ర అటక ఎక్కింది. ఒకరోజు పక్క చేను అతను వచ్చాడు. చేలో మోళ్ళు ఏరుతుంటే వాళ్ళావిడ చెవి దిద్దు పడిపోయిందట, ఒకసారి మిషన్ తెచ్చి చూడమన్నాడు. ఆ చేనుకీ మా చేనుకీ మధ్య జానెడు గట్టే అడ్డం. "పాడైపోయిందయ్యా, కుయ్‌మనటం లేదు" అన్నాడు మా ఆయన. అతను వెళ్ళాక నేను అటకెక్కి చూశాను. పాడవలేదు. బ్యాటరీలు తీసేసి ఉన్నాయి. ఒక్కసారి కుయ్‌మంటే చాలు దేవుడా అని ఎండలో పడి తిరిగిన మనిషి, పొరపాటున కూడా కుయ్‌మనకూడదని వాటిని తీసి ఎక్కడో పారేశాడు.

తొలకరి పడింది. మిరప నారు పెట్టకముందు చేను ఒకసారి చూసొద్దామని ఇద్దరం వెళ్ళాం. మన్ను కడిగినట్టయి, సాళ్ళలో అక్కడక్కడా ఎర్రగా, నల్లగా పూసలు తేలి ఉన్నాయి. రాతి పూసలకి మిషన్ కూయదు, అవి ఎవరికీ వినపడవు. నాకు తెలియకుండానే వంగి ఏరడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళ కాపురంలో నేను వాటికోసం నడుం వంచడం అదే మొదటిసారి.

"ఏం ఏరుతున్నావు?" అన్నాడు మా ఆయన.

"రాళ్ళు" అన్నాను.

దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. కొంగులో ఉన్నవన్నీ ఆయన అరచేతిలో పోశాను. ఒక్కొక్కటీ తడి తుడిచి, వెలుతురుకి పెట్టి చూశాడు. ఇంతలో రోడ్డు మీద మోటారుసైకిల్ చప్పుడైంది. ఇంటికొచ్చిన ప్రతివాడికీ డబ్బా మూత తీసి చూపించిన మనిషి, గబుక్కున గుప్పిట మూసి, అటూ ఇటూ చూసి, ఆ పూసల్ని లుంగీ మడతలో దాచుకున్నాడు.